పాత గ్యాస్‌నూనె ఫ్రిజ్: బాగు చేయించాలా, వేరేది కొనాలా?

కరెంటు లేకుండా మంటతో చల్లబడే ఫ్రిజ్ అంటే ఈ రోజుల్లో చాలామంది నమ్మరు. కానీ ఒకప్పుడు కరెంటు స్తంభాలు చేరని చోట మందులూ పాలూ నిలవ ఉన్నది వీటి వల్లే. వరంగల్ నుంచి ములుగు, ఏటూరునాగారం దాకా, అటు ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు కూడా పాత బంగళాల్లో, గోదాముల మూలల్లో, పాత సామాన్ల షాపుల్లో ఇవి ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. తెల్లటి బరువైన డబ్బా, అడుగున గ్యాస్‌నూనె (కిరోసిన్) ట్యాంకు పెట్టే అర, వెనక నల్లటి ఇనుప గొట్టాలు ఉంటాయి. దొరికినవాళ్లందరూ అడిగేది ఒకటే: దీన్ని బాగు చేయించుకోవాలా, ఆ డబ్బుతో వేరేది కొనుక్కోవాలా?

జవాబు రెండు సంగతులను బట్టి ఉంటుంది. వెనకనున్న గొట్టాల యూనిట్ ఇంకా పనిచేస్తోందా అన్నది మొదటిది. ఆ ఫ్రిజ్‌లో మీరు ఏం పెట్టాలనుకుంటున్నారన్నది రెండోది. ఈ రెండూ తేలకముందే కొత్త బర్నర్ కొనడం, పెయింట్ వేయించడం, తలుపు రబ్బరు మార్పించడం దండగ ఖర్చు. చాలామంది పని మొదలుపెట్టేది మాత్రం పెయింట్‌తోనే.

లోపల ఏం జరుగుతుంది?

ఇందులో మోటారు లేదు, కంప్రెసర్ లేదు, కదిలే భాగం ఒక్కటీ లేదు. మూసేసిన ఇనుప గొట్టాల్లో అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్ ఉంటాయి. కింద మంట బాయిలర్‌ను వేడి చేస్తే, నీళ్లలో కలిసి ఉన్న అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది. పైన కండెన్సర్‌లో గాలి తగిలి చల్లబడి ద్రవం అవుతుంది. ఆ ద్రవం ఫ్రీజర్ గొట్టాల్లోకి దిగి, అక్కడున్న హైడ్రోజన్‌లోకి మళ్లీ ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. చల్లదనం పుట్టేది అక్కడే. తర్వాత కింది అబ్జార్బర్‌లో నీళ్లు ఆ అమ్మోనియాను పీల్చుకుని బాయిలర్‌కు తీసుకుపోతాయి, హైడ్రోజన్ తిరిగి ఫ్రీజర్ వైపు వెళ్తుంది. ఈ పద్ధతిని 1922లో స్వీడన్‌లో వాన్ ప్లాటెన్, మున్టర్స్ అనే ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు కనిపెట్టారు. 1925లో ఎలక్ట్రోలక్స్ కంపెనీ దాన్ని తీసుకుని ప్రపంచమంతా అమ్మింది.

మన నిర్ణయానికి పనికొచ్చే విషయాలు ఇందులో మూడున్నాయి. అరిగిపోయే భాగాలు లేవు కాబట్టి, సరిగ్గా చూసుకుంటే ఇవి దశాబ్దాలు నడుస్తాయి. లోపలి ద్రవం పంపు లేకుండా వాలును బట్టే పారుతుంది కాబట్టి, ఫ్రిజ్ కొద్దిగా వంగి ఉన్నా పని ఆగిపోతుంది. ఇక గొట్టాల్లో ఒత్తిడి మామూలు గాలి కంటే పదిహేను, ఇరవై రెట్లకు పైనే ఉంటుంది కాబట్టి, వాటిని ఇంట్లోనో వీధి చివరి షాపులోనో విప్పడానికి వీల్లేదు.

ఖర్చు పెట్టే ముందు చేయాల్సిన పరీక్ష

ఈ పరీక్షకు డబ్బు దాదాపు అక్కర్లేదు. ఓపిక, ఒక రోజు సమయం ఉంటే చాలు.

మొదట వెనక వైపు టార్చిలైటు వేసి చూడండి. బాయిలర్ దగ్గర, అతుకుల దగ్గర పసుపు రంగు పొడి గానీ, పసుపు ఆకుపచ్చ కలిసిన మరక గానీ ఉంటే యూనిట్ లీకైనట్టే. గొట్టం లోపల తుప్పు పట్టకుండా సోడియం క్రోమేట్ అనే రసాయనం కలుపుతారు, ఆ రంగు దానిదే. అది విషం, క్యాన్సర్ కారకం కూడా. వేలితో గీకకండి, ఊదకండి. ముక్కుకు అమ్మోనియా ఘాటు తగిలినా ఇక మంట పెట్టొద్దు. ఆ ఫ్రిజ్ కథ అక్కడితో అయిపోయింది, మిగతా పరీక్షలు అక్కర్లేదు.

మరకా వాసనా లేకపోతే రసమట్టం తీసుకోండి. మేస్త్రీ దగ్గర ఉండేదే చాలు. ఫ్రీజర్ అర మీద పెట్టి ముందు వెనకలు, కుడి ఎడమలు రెండూ చూడండి. పైకప్పు మీద పెట్టి చూస్తే లాభం లేదు, ఎందుకంటే పాత డబ్బాలు సొట్టపడి ఉంటాయి, లోపల ఫ్రీజర్ మట్టంగా ఉండటమే ముఖ్యం. పాత ఇళ్ల బండల నేల వాలుగా ఉంటుంది కాబట్టి కాళ్ల కింద చెక్క ముక్కలు పెట్టక తప్పదు. వంకరగా ఉన్న ఫ్రిజ్‌ను నెలల తరబడి మండిస్తే చల్లబడకపోవడం ఒక్కటే కాదు, బాయిలర్‌లో ద్రవం చేరక అది విపరీతంగా కాలి, క్రోమేట్ గడ్డకట్టి సన్నటి గొట్టం మూసుకుపోతుంది. ఆ నష్టాన్ని ఇక సరిచేయలేం.

తర్వాత పొగగొట్టం. మంట నుంచి పైకి పోయే ఈ గొట్టంలో మెలి తిరిగిన రేకు ఒకటి వేలాడుతూ ఉంటుంది. వేడిగాలి నేరుగా పైకి పారిపోకుండా బాయిలర్‌కు తగిలేలా చేసేది అదే. దాన్ని పైకి తీసి మసి దులిపి, గొట్టాన్ని తీగ బ్రష్‌తో పైనుంచి కిందికి తోమి, రేకును మళ్లీ అదే ఎత్తులో వేలాడదీయాలి. అది లేకుండా మండించి, చల్లబడటం లేదని తుక్కుకు వేసేసిన ఫ్రిజ్‌లు ఎన్నో ఉంటాయి. రేకు పోయి ఉంటే, పాతదాని కొలత తెలిసిన చోట లేత్ షాపువాళ్లు చేసివ్వగలరు.

ఇప్పుడు మంట పెట్టండి. మంట నీలంగా ఉండాలి. పసుపుగా ఊగుతుంటే వత్తి సమంగా కత్తిరించలేదనో, గాలి చాలడం లేదనో అర్థం. గ్యాస్ బర్నరైతే జెట్ విప్పి స్పిరిట్‌లో నానబెట్టి ఊదండి. సూదితో పొడవొద్దు, ఆ రంధ్రం మిల్లీమీటరులో కొద్ది భాగమే ఉంటుంది, పెద్దదైతే మంట పెరిగి బాయిలర్ కాలిపోతుంది. గదికి తప్పకుండా గాలి ఆడాలి. సరిగా మండని మంట కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, దానికి వాసన ఉండదు. అమెరికాలో 1933 నుంచి 1957 దాకా తయారైన సర్వెల్ అనే గ్యాస్ ఫ్రిజ్‌లను వాడొద్దని అక్కడి ప్రభుత్వ సంస్థ చెప్పింది ఈ ప్రమాదం వల్లే. పడకగదిలో ఈ ఫ్రిజ్ పెట్టకూడదు, అంతే.

మంట పెట్టాక తలుపు మూసి వదిలేయండి. మామూలు ఫ్రిజ్‌లా గంటలో చల్లబడదు. రెండు మూడు గంటలకు ఫ్రీజర్ పలక చల్లగా తగలడం మొదలవుతుంది, పూర్తిగా చల్లబడటానికి ఒక రోజు దాకా పడుతుంది. ఈలోగా వెనక చేయి దగ్గరగా పెట్టి వేడి చూడండి, తాకొద్దు. బాయిలర్ మండిపోతూ కింద అబ్జార్బర్ గొట్టాలు చల్లగానే ఉంటే లోపల ద్రవం తిరగడం లేదు, ఎక్కడో అడ్డుపడింది. అన్నీ వేడెక్కినా రోజు గడిచాక కూడా ఫ్రీజర్ చల్లబడకపోతే సాధారణంగా యూనిట్ లోపలి గ్యాస్ పోయినట్టే. ఫ్రీజర్ మీద మంచు పట్టిందా, మీ యూనిట్ బతికే ఉంది.

కొన్ని మోడళ్లలో మంటతో పాటు కరెంటు ఎలిమెంటు కూడా ఉంటుంది. అవి ఉన్నవాళ్లకు పని సులువు. కరెంటు మీద చల్లబడి మంట మీద చల్లబడకపోతే లోపం బర్నర్‌లోనో పొగగొట్టంలోనో ఉంది, యూనిట్ మంచిదే. మంట మీద చల్లబడి కరెంటు మీద చల్లబడకపోతే ఎలిమెంటు పోయింది. మీటరుతో చూస్తే 230 వోల్టుల 100 వాట్ల ఎలిమెంటు దాదాపు 530 ఓమ్‌లు చూపాలి. అసలేమీ చూపకపోతే తెగిపోయినట్టు.

తలకిందులు చేయడం గురించి అందరూ అడుగుతారు. ఏళ్ల తరబడి పక్కన పడేసిన ఫ్రిజ్‌ను తిప్పి నిలబెడితే మళ్లీ పనిచేసిందని వినే ఉంటారు. లోపలి ద్రవం ఉండాల్సిన చోట కాకుండా వేరే చోట చేరి ఉంటే ఇది నిజంగానే పనిచేయవచ్చు. గడ్డకట్టిన క్రోమేట్ అడ్డుపడి ఉంటే ఏం చేసినా లాభం లేదు. పైన చెప్పినవన్నీ అయ్యాక చివరి ప్రయత్నంగా చేయండి. ఫ్రిజ్ పూర్తిగా చల్లారి ఉండాలి, నూనె ట్యాంకు తీసేయాలి, ఇద్దరు ముగ్గురు పట్టుకోవాలి. మళ్లీ నిలబెట్టాక ఒక రోజంతా ఆగి మంట పెట్టాలి.

గ్యాస్ ఎక్కిస్తామంటే

"అన్నా, దీంట్ల గ్యాస్ ఎక్కిస్తే చల్లగైతది గదా?" అని అడిగేవాళ్లకు నా మాట ఒక్కటే: ఎక్కించొద్దు. మామూలు ఫ్రిజ్ మెకానిక్ దగ్గరుండే గ్యాస్ ఈ పద్ధతికి పనికిరాదు. అంతకంటే పెద్ద సమస్య రాగి. మామూలు ఫ్రిజ్‌కు గ్యాస్ ఎక్కించాలంటే రాగి గొట్టం అతికి వాల్వు పెడతారు. రాగినీ ఇత్తడినీ అమ్మోనియా తినేస్తుంది, అందుకే ఈ యూనిట్ మొత్తం ఉక్కుతో చేస్తారు. రాగి అతుకు ఎన్నాళ్లు నిలుస్తుందో ఎవరూ చెప్పలేరు, తెగిన రోజు ఇంటినిండా అమ్మోనియా నిండుతుంది.

వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ చుట్టూ మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి, అక్కడ అమ్మోనియా పని తెలిసిన మనుషులు ఉంటారు, వాళ్లతో చేయించవచ్చు కదా అని కొందరంటారు. వాళ్ల పని వాళ్లకు బాగా తెలుసు. కానీ అక్కడివి కంప్రెసర్లతో నడిచే పెద్ద ప్లాంట్లు. ఇందులో అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్ మూడూ కొలత ప్రకారం, ఆ మోడల్‌కు తగిన ఒత్తిడితో నింపాలి. అది ఫ్యాక్టరీలో చేసే పని. కాల్చి వెల్డింగ్ చేయబోతే లోపలున్నది హైడ్రోజన్ అని కూడా గుర్తుంచుకోవాలి.

యూనిట్ చచ్చిపోతే ఉన్న సరైన దారి, మొత్తం యూనిట్‌ను మార్చడమే. వెనక నుంచి అది ఒకే ముక్కగా బయటికి వస్తుంది. కొత్తది ఇక్కడ దొరకడం కష్టం, విదేశాల నుంచి తెప్పిస్తే ఫ్రిజ్ విలువను మించిపోతుంది. కానీ అదే మోడల్ ఫ్రిజ్ ఇంకొకటి దొరికి, దాని డబ్బా తుప్పుపట్టి గొట్టాలు మంచివైతే, రెండూ కలిపి ఒక మంచి ఫ్రిజ్ చేసుకోవచ్చు. పాత సామాన్ల షాపుల్లో వెతికేవాళ్లకు ఇదొక్కటే నేను ధైర్యంగా చెప్పే మార్పిడి.

యూనిట్ బతికే ఉంటే

ఇక్కడ నేను బాగు చేయించమనే అంటాను. అవసరమైన పనులు చిన్నవి, చాలావరకు ఇంట్లోనే అవుతాయి. కొత్త వత్తి, తలుపు రబ్బరు, పొగగొట్టం తోమడం, మట్టం సరిచేయడం. తలుపులో కాగితం ముక్క పెట్టి మూసి లాగండి, తేలిగ్గా జారి వస్తే రబ్బరు పనికిరాదు. మీ మోడల్ రబ్బరు దొరక్కపోయినా, కొలత ఇస్తే ఫ్రిజ్ విడిభాగాల షాపుల్లో దగ్గరి సైజుది చూసి కత్తిరించి అతికించుకోవచ్చు. పాత డబ్బాల గోడల్లో గాజు ఊలు నింపేవారు. అది తడిసి కిందికి జారిపోయి ఉంటే చలి నిలవదు. వెనక రేకు విప్పి, గొట్టాలకు ఏమాత్రం దెబ్బ తగలకుండా చూసుకుంటూ, ఖాళీల్లో థర్మాకోల్ లాంటి కొత్త ఇన్సులేషన్ నింపాలి.

కానీ మన ఎండను ముందే లెక్కలోకి తీసుకోవాలి. ఫ్రిజ్ లోపల ఉండే చిన్న పలక మీద ఎస్ఎన్, ఎన్, ఎస్టీ, టీ అనే అక్షరాల్లో ఏదో ఒకటి ఉండవచ్చు. ఎస్ఎన్, ఎన్ రకాలు బయట 32 డిగ్రీల వరకు, ఎస్టీ 38 వరకు, టీ 43 వరకు పనిచేసేలా చేసినవి. మే నెలలో హనుమకొండలో 43, 44 డిగ్రీలు మామూలే. రామగుండం వైపు అంతకు మించి కాస్తుంది. చల్లటి దేశం కోసం చేసిన ఎన్ రకం ఫ్రిజ్‌ను ఇక్కడ రేకుల షెడ్డులో పెడితే, దానిలో లోపమేమీ లేకపోయినా పాలు విరుగుతాయి. అలాంటి ఫ్రిజ్‌ను ఉత్తరం గోడకు, గోడ నుంచి జానెడు దూరంలో, పైనా కిందా గాలి ఆడేలా పెట్టండి. వెనక కండెన్సర్ కింద 12 వోల్టుల చిన్న కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి బిగించండి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా తెచ్చేది ఈ ఫ్రిజ్‌లో వేరే ఏదీ లేదు. అది నడవడానికి చిన్న సోలార్ పలక చాలు, ఎండ ఎక్కువున్నప్పుడే ఫ్యాన్ ఎక్కువ అవసరం కాబట్టి రెండూ కలిసొస్తాయి.

ఇక మంట దేనితో? కిరోసిన్ అయితే ఫ్రిజ్ సైజును బట్టి రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. రేషన్ షాపుల్లో ఒకప్పటిలా నూనె దొరకదు, కాబట్టి నెలకు పదిహేను, ముప్పై లీటర్లు ఎక్కడి నుంచి తెస్తారో ముందు తేల్చుకోండి. బయట కొన్న నూనెలో పెట్రోల్ కల్తీ ఉంటే ప్రాణాంతకం. మంట వెలుగుతుండగా ట్యాంకు నింపకూడదని పాతతరానికి చెప్పనక్కర్లేదు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం ఇది మొదటి నియమం.

ఎల్పీజీ మీద చిన్న ఫ్రిజ్ రోజుకు సుమారు 300 గ్రాములు వాడుతుందనుకుంటే, 14.2 కిలోల సిలిండర్ దాదాపు నెలన్నర వస్తుంది. మీ ఊరి సిలిండర్ ధరను నెలన్నరకు భాగిస్తే ఖర్చు తెలిసిపోతుంది. శుభ్రంగా మండుతుంది, మసి తక్కువ, వత్తి బాధ లేదు. అయితే కిరోసిన్ ఫ్రిజ్‌ను గ్యాస్‌కు మార్చడం మనవాళ్లు అనుకున్నంత తేలిక కాదు. స్టవ్ మెకానిక్ వచ్చి స్టవ్ బర్నర్ బిగించి ఇస్తానంటే ఒప్పుకోవద్దు. బాయిలర్‌కు కావలసింది కొలిచినంత చిన్న మంట. స్టవ్ మంట దానికి ఎన్నో రెట్లు ఎక్కువ, పైగా ఆరిపోతే గ్యాస్ దానంతటదే ఆగే ఏర్పాటు స్టవ్‌లో ఉండదు. ఫ్రిజ్ బర్నర్‌లో మంట పక్కన థర్మోకపుల్ అనే చిన్న కడ్డీ ఉంటుంది, మంట ఆరగానే అది వాల్వును మూసేస్తుంది. రాత్రంతా ఎవరూ చూడని మంటకు ఇది లేకపోతే కుదరదు. ఆ మోడల్ కోసమే చేసిన గ్యాస్ బర్నర్ దొరికితేనే మార్చండి. మన ఇళ్ల రెగ్యులేటర్ దాదాపు 30 మిల్లీబార్ ఒత్తిడి ఇస్తుంది, బర్నర్ పలక మీద వేరే అంకె ఉంటే జెట్ కూడా దానికి తగ్గట్టు మారాలి. బిగించాక ప్రతి అతుకుకూ సబ్బు నీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది. కాబట్టి గుంటలో, నేలమాళిగలో ఈ ఫ్రిజ్ వద్దు. హోటల్‌కో కిరాణా షాపుకో అయితే ఇంటి సిలిండర్ కాదు, 19 కిలోల కమర్షియల్‌దే వాడాలి.

కరెంటు ఎలిమెంటు మీద రోజూ నడపాలనుకోవడం మాత్రం తెలివైన పని కాదు. 100 వాట్ల ఎలిమెంటు ఆగకుండా నడిస్తే రోజుకు 2.4 యూనిట్లు, ఏడాదికి 870 దాటుతుంది. కొత్త సింగిల్ డోర్ ఫ్రిజ్ ఇంతకంటే పెద్దదైనా ఏడాదికి వంద నుంచి రెండు వందల యూనిట్లతో సరిపెడుతుంది, ఆ అంకె నక్షత్రాల స్టిక్కర్ మీదే ఉంటుంది.

వేరేది కొనాలనుకుంటే

మీ ఊళ్లో కరెంటు ఉండి, గంటో రెండు గంటలో పోవడమే సమస్య అయితే ఈ చర్చంతా మీకు అక్కర్లేదు. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న చిన్న ఫ్రిజ్, ఇంట్లో ఉన్న బ్యాటరీ ఇన్వర్టర్ చాలు. ఫ్రీజర్‌లో నీళ్ల సీసాలు గడ్డకట్టించి ఉంచితే కరెంటు పోయినా తలుపు తీయనంతసేపు చలి ఆగుతుంది. వరంగల్, కాజీపేట, కరీంనగర్ లాంటి పట్టణాల్లో ఉన్న వాళ్లలో ఎక్కువమందికి ఇదే సరైనది.

కరెంటు నమ్మకం లేని గూడెంలో, తోటలో, చేపల చెరువు దగ్గర కాపలా గుడిసెలో అయితే పాత ఫ్రిజ్‌కు అసలైన పోటీ సోలార్ డీసీ ఫ్రిజ్. 12 వోల్టులతో నడిచే కంప్రెసర్ ఉన్న చిన్న రకం రోజుకు దాదాపు అర యూనిట్ వాడుతుంది. 200 వాట్ల పలక, 100 ఏహెచ్ బ్యాటరీ దానికి సరిపోతాయి. అదే పాత ఫ్రిజ్ ఎలిమెంటును సోలార్ మీద నడపాలంటే 700 వాట్ల పలకలు, రాత్రికి రెండు పెద్ద బ్యాటరీలు కావాలి. "ఫ్రిజ్ ఉంది కదా, పలకలు కొంటే చాలు" అనుకునేవాళ్లు ఈ లెక్క చూడాలి. సోలార్‌కు ఉన్న బలహీనత వానాకాలం. జులై, ఆగస్టుల్లో వరసగా మూడు నాలుగు రోజులు మబ్బు కమ్మితే బ్యాటరీ దిగిపోతుంది. తాడ్వాయి అడవిలో చెట్ల నీడ కింద పలక పెడితే ఎండాకాలంలోనూ అంతే. ఆ రోజుల్లో మంట ఫ్రిజ్ ఏ ఆటంకం లేకుండా నడుస్తుంది. వానకాలం పాత ఫ్రిజ్, ఎండాకాలం సోలార్ ఫ్రిజ్ అని రెండూ ఉంచుకోగలిగితే అది విలాసమేమీ కాదు. మంట ఫ్రిజ్ ఇబ్బంది పడేది మే ఎండలో, సోలార్ ఇబ్బంది పడేది ఆగస్టు ముసురులో.

హోటళ్లు తీసేసిన మినీ బార్ ఫ్రిజ్‌లు హైదరాబాద్ నుంచి తక్కువ ధరకు వస్తుంటాయి. చప్పుడు చేయవు కాబట్టి వాటిలో చాలా వరకు ఈ అమ్మోనియా పద్ధతివే. కొనేముందు వెనక చూడండి. నల్లటి గొట్టాలుండి ఫ్యాన్ లేకపోతే అమ్మోనియాది, చిన్న ఫ్యానూ అల్యూమినియం రెక్కలూ ఉంటే థర్మోఎలక్ట్రిక్ (గ్యాస్ లేకుండా కరెంటుతోనే నేరుగా చల్లబరిచే) రకం. రెండూ ఏసీ గదిలో నీళ్ల సీసాలు చల్లబరచడానికి చేసినవే. ఏసీ లేని ఇంట్లో, మే నెలలో, వాటిని పాలకు నమ్మొద్దు. వీటిలో ఎక్కువ వాటికి కరెంటు ఎలిమెంటు తప్ప మంట ఏర్పాటు ఉండదు కాబట్టి కరెంటు లేని చోటికి అసలే పనికిరావు.

కూరగాయలూ పూలూ తాజాగా ఉంటే చాలనుకునేవాళ్లకు ఎండాకాలంలో రెండు కుండల మధ్య తడి ఇసుక పోసిన ఏర్పాటే చాలు. గాలి పొడిగా ఉన్నప్పుడు అది బాగా పనిచేస్తుంది, వానాకాలం తేమలో పనిచేయదు.

మందుల విషయంలో

ఇన్సులిన్ కోసం, టీకాల కోసం పాత మంట ఫ్రిజ్‌ను బాగు చేయించాలనుకుంటే వద్దని గట్టిగా చెబుతాను. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాటిలో కొన్ని వేడికి ఎంత చెడతాయో, గడ్డకట్టినా అంతే చెడతాయి. తెరవని ఇన్సులిన్‌కూ ఇదే హద్దు, అది కూడా గడ్డకట్టకూడదు. మంట ఫ్రిజ్‌లో చలిని ఇంత కచ్చితంగా పట్టి ఉంచడం కష్టం. రాత్రి చల్లబడితే లోపల సున్నా కిందికి పోతుంది, మధ్యాహ్నం పది దాటుతుంది. ఆదిలాబాద్ వైపు చలికాలం రాత్రులు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఒకప్పుడు టీకాల కార్యక్రమాలు ప్రపంచమంతా కిరోసిన్, గ్యాస్ ఫ్రిజ్‌ల మీదే నడిచాయి, ఆ సేవ చిన్నది కాదు. తర్వాత ఇదే కారణంతో వాటిని వదిలి సోలార్ ఫ్రిజ్‌లకు మారారు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండేవి మంచు పొర ఉన్న ప్రత్యేక ఫ్రిజ్‌లు, ఎన్నో గంటలు కరెంటు పోయినా చలి ఆపుతాయి. ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లుండి కరెంటు నమ్మకం లేకపోతే, డబ్బు పెట్టాల్సింది థర్మోస్టాట్ సరిగా పనిచేసే డీసీ కంప్రెసర్ ఫ్రిజ్ మీద, దానిలో ఒక థర్మామీటర్ మీద. వాడుతున్న సీసాను బయట ఎన్నాళ్లు, ఎంత వేడిలో ఉంచవచ్చో మీ డాక్టర్‌ను అడిగి రాసిపెట్టుకోండి.

కాబట్టి నా లెక్క ఇలా ఉంటుంది. యూనిట్ బతికుండి, పెట్టేవి పాలు, పెరుగు, కూరలు, చల్లటి నీళ్లు అయితే, గ్యాస్ సిలిండర్ సులువుగా దొరికే చోట బాగు చేయించండి. కొత్త రబ్బరు, ఫ్యాన్, మట్టం, శుభ్రం చేసిన పొగగొట్టంతో అది ఇంకా చాలా ఏళ్లు నడుస్తుంది. కిరోసిన్ తప్ప వేరే దారి లేని మోడలైతే నూనె ఎక్కడ దొరుకుతుందో తేలాకే చేయి పెట్టండి. యూనిట్ చచ్చి, అదే మోడల్ ఇంకొకటి దొరక్కపోతే దాని మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

అమ్మేవాళ్ల దగ్గర కొంటుంటే వాళ్ల ఇంట్లోనే ముందురోజు మంట పెట్టమని, మరునాడు వచ్చి చూస్తామని చెప్పండి. ఒప్పుకోనివాళ్ల దగ్గర కొనొద్దు. తెచ్చేటప్పుడు ఆటోలో పడుకోబెట్టకుండా నిలబెట్టి తేవాలి. పడుకోబెట్టక తప్పకపోతే ఇంటికొచ్చాక ఒక రోజంతా నిలబెట్టి ఉంచి అప్పుడు మంట పెట్టండి.

చచ్చిన ఫ్రిజ్‌ను తుక్కుకు వేసేటప్పుడు కొనేవాళ్లకు లోపల ఏముందో చెప్పండి. గ్యాస్ కట్టర్‌తో ఆ గొట్టాలను కోస్తే హైడ్రోజన్ అంటుకుంటుంది, అమ్మోనియా కళ్లలో పడుతుంది, క్రోమేట్ నీళ్లు నేలలోకి పోతాయి. కాబట్టి యూనిట్‌ను కోయకుండా మొత్తంగా విప్పి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. ఎక్కడైనా అమ్మోనియా లీకై కళ్లు మండితే బయటి గాలిలోకి వచ్చి, కనీసం పావుగంట ధారగా నీళ్లు పోసి కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. డబ్బాను ఇంట్లో ధాన్యం పెట్టెగా వాడుకునేవాళ్లు తలుపు గొళ్లెం ముందే పీకేయాలి. పాత ఫ్రిజ్ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు, ఆడుకునే పిల్లలు దాంట్లో దూరతారు.